లింకు సేవ్ చేశాం కదా మేడమ్, ఇంకెక్కడికి పోతుంది?

ప్రాజెక్టు వర్కులు మొదలవగానే మా బడి లైబ్రరీలో కంప్యూటర్ దగ్గర ఒకటే మాట: "మేడమ్, పోయినేడు సేవ్ చేసిన లింకులు తెరుచుకోవట్లేదు." పిల్లలంటే సరే, టీచర్లదీ అదే పాట. లింకులను ఆన్‌లైన్ సర్వీసులో దాచి, తేలిగ్గా వెతుక్కోవడానికి ట్యాగులు, అంటే చిన్న చిన్న గుర్తు మాటలు తగిలించి, నలుగురితో పంచుకోవడాన్ని సోషల్ బుక్‌మార్కింగ్ అంటారు. ఈ బుక్‌మార్కులు, ట్యాగుల మీద అపోహలు చాలానే ఉన్నాయి గానీ నిజంగా కొంప ముంచేది ఒక్కటే. దాని సంగతి తీరిగ్గా చెప్తా, మిగతావి గబగబా కానిచ్చేస్తా.

అపోహ: బుక్‌మార్క్ చేస్తే ఆ పేజీ మన దగ్గరున్నట్టే.

వాస్తవం: మన దగ్గరున్నది చిరునామా. చిరునామా రాసుకున్నంత మాత్రాన ఇల్లు జేబులోకి రాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం 2023 నాటికి తెరుచుకోవడం లేదని అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క తేల్చింది. ఇక సర్కారీ సైట్లు డిజైన్ మార్చాయంటే పాత పీడీఎఫ్ లింకులు ఒక్క దెబ్బకి పోతాయి. పుస్తకం అదే సైట్‌లో ఇంకో మూల భద్రంగానే ఉంటుంది, మన లింకు మాత్రం ఎందుకూ పనికిరాదు.

పేజీ బాగానే ఉండి, లింకులు దాచిన సర్వీసే మూతపడితే? ట్యాగులు పెట్టి లింకులు పంచుకోవడం జనానికి అలవాటు చేసింది 2003లో వచ్చిన డెలిషస్. 2005లో యాహూ కొంది, 2011లో యూట్యూబ్ వ్యవస్థాపకులకు అమ్మేసింది. తర్వాత మరికొన్ని చేతులు మారింది. చివరికి 2017లో పోటీదారు పిన్‌బోర్డ్ కొని, కొత్త లింకులు చేర్చే వీల్లేకుండా ఆపేసింది. మొన్నటికి మొన్న 2025 జులై 8న ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా, లింకులు దాచుకునే తన సర్వీసు పాకెట్‌ను మూసేసింది. ఎక్స్‌పోర్ట్‌కి, అంటే దాచినవన్నీ ఒక ఫైలుగా దించుకోవడానికి, కొన్ని నెలలు గడువైతే ఇచ్చారు. ఆ ఫైల్లో లింకులూ శీర్షికలూ ట్యాగులూ వచ్చాయి, వ్యాసాలు రాలేదు.

మా దగ్గర ఒక ఫిజికల్ సైన్స్ సార్ ఉండేవారు. టెన్త్‌లో కాంతి, విద్యుత్తు, రసాయన బంధం పాఠాలకు తెలుగు మీడియం పిల్లలకు అర్థమయ్యే వీడియోలు, బొమ్మలు ఏరి, ఏ పాఠానికి ఏది పనికొస్తుందో ట్యాగులు పెట్టేవారు. బదిలీ అయ్యింది. అకౌంటేమో ఆయన సొంత మెయిల్ మీద ఉంది, ఆ మెయిల్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్ ఎప్పుడో మారిపోయింది. "లింకులు పోతే పోయాయి, నా నోట్స్ అయినా దక్కుతాయా మేడమ్?" అని అడిగారు. దక్కలేదు. వీడియో మళ్లీ వెతుక్కోవచ్చు. "ఇది ప్రయోగం చేయించాకే చూపించాలి, ముందు చూపిస్తే తికమకపడతారు" అని ఆయన రాసుకున్నది ఏ గూగుల్లో వెతకాలి?

కాబట్టి అకౌంటు లైబ్రరీ మెయిల్ మీదే తెరవండి. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరికి తెలియాలి. టర్మ్ అయిపోగానే మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆ ఫైల్ ఒకసారి తెరిచి ట్యాగులు, నోట్స్ కూడా వచ్చాయో లేదో చూడండి, కొన్ని సర్వీసులు అవి వదిలేస్తాయి. తప్పనిసరిగా కావాల్సిన పేజీలను వెబ్ పేజీల పాత కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ చేయించి, ఆ కాపీ లింకును నోట్స్‌లో రాసుకోండి. లాగిన్ అడిగే పేజీలకు ఇది పనిచేయదు, వీడియోలకైతే దీన్ని నమ్ముకోవద్దు.

ఇప్పటికే పోగొట్టుకుని బెంగపడుతున్నవాళ్లుంటారు. పాత లింకు ఎక్కడైనా రాసి ఉంటే వేబ్యాక్ మెషిన్‌లో వేసి చూడండి. మీరు సేవ్ చేయకపోయినా వాళ్లు ముందే తీసి పెట్టి ఉండొచ్చు.

అపోహ: సోషల్ బుక్‌మార్కింగ్ అంటే ఫేస్‌బుక్ లాంటిదే, పిల్లల వివరాలు బయటపడతాయి.

వాస్తవం: తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గదే. మా బడిలో పిల్లలకు అకౌంట్లే లేవు. చీటీ మీద ట్యాగు రాసిస్తారు, నేను ఎక్కిస్తాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. అకౌంటే లేకపోతే ఆ తలనొప్పీ లేదు. "లింకు షేర్ చేస్తే స్కూలు మీద కాపీరైట్ కేసు" అనే వాట్సాప్ మెసేజ్ మాత్రం దయచేసి నాకు ఇంకోసారి పంపొద్దు. దాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్లే గైడ్ పీడీఎఫ్‌లు మొత్తానికి మొత్తం గ్రూపులో పెడుతుంటారు. భయపడాల్సింది దానికి.

అపోహ: ట్యాగులొచ్చాక, విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే డ్యూయీ నంబర్లెందుకు?

వాస్తవం: పుస్తకం ఒక్క అరలోనే నిలబడగలదు, దానికి నంబర్ కావాలి. లింకుకు పది ట్యాగులున్నా ఎవరికీ ఇబ్బంది లేదు. రెండూ ఉండనివ్వండి.

అపోహ: పిల్లలు పిచ్చి ట్యాగులు పెట్టి పాడుచేస్తారు.

వాస్తవం: పెట్టనివ్వండి. "రేపటికి", "బోర్", "బొమ్మలున్నాయి" అని రాస్తారు. ఆరో తరగతివాళ్లు లైబ్రరీకి రాగానే అడిగేది ఆ "బొమ్మలున్నాయి" ట్యాగే. అసలు చిక్కంతా మన తెలుగు టైపింగ్‌తో. నీటి చక్రం, నీటిచక్రం, జలచక్రం, వాటర్ సైకిల్ అన్నీ ఒకటేనని కంప్యూటర్‌కు తెలియదు, నాలుగు కుప్పలు పెడుతుంది. కొన్ని సర్వీసుల్లో ఖాళీ వదిలితే "నీటి" ఒక ట్యాగు, "చక్రం" ఇంకో ట్యాగు అయిపోతాయి. "ఎలక్ట్రాన్‌లు" లాంటి మాటల్లో కీబోర్డు కంటికి కనపడని అక్షరం ఒకటి ఇరికిస్తుంది. అది ఒకరి టైపింగ్‌లో ఉండి ఇంకొకరి దాంట్లో లేకపోతే, చూడ్డానికి ఒకేలా ఉన్నా రెండు ట్యాగులే. అందుకని, ముందే ఉన్న ట్యాగును మళ్లీ టైప్ చేయకుండా జాబితాలోంచే ఎంచుకోండి.