రాజ్‌పుత్‌కు చెప్పలేకపోయిన వీడ్కోలు

డిసెంబర్‌లో నేవీ డే వచ్చిందంటే గాజువాకలో మా ఇంటి హాలు నిండిపోతుంది. నాన్నతో పాటు ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌకలో పనిచేసినవాళ్లు ఏడెనిమిది మంది వస్తారు. ఒకాయన మలయాళీ, ఇంకొకాయన బీహార్ నుంచి వచ్చి మల్కాపురం అమ్మాయిని పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయారు, మిగతావాళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లు. అందరూ 90లలో ఒకే మెస్‌డెక్‌లో (ఓడలో నావికులు ఉండే గది) ఒకరి పైన ఒకరు బంకుల్లో పడుకున్నవాళ్లే. మాటలు తెలుగులో మొదలై హిందీలోకి పోయి మళ్లీ తెలుగులోకి వస్తాయి. మొదటిసారి సముద్రం పడక ఎవరు బకెట్ పట్టుకుని కూర్చున్నారో, రాత్రి వాచ్‌కి ఎవరిని లేపాలంటే ఎంత కష్టమయ్యేదో చెప్పుకుని నవ్వుకుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు 2021 మే 21 సంగతి ఎత్తుతారు, అంతే, హాలంతా సైలెంట్ అయిపోతుంది. ఆ తేదీ వెనక ఏముందో బయట చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. రాజ్‌పుత్ అనగానే వైజాగ్‌లో ఎవరైనా ఘాజీ కథే చెప్తారు. అది ఈ ఓడ కాదు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బర్ ముందే మునిగిపోయింది. అప్పుడు డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసిన రాజ్‌పుత్ 1949లో బ్రిటన్ నుంచి మనకొచ్చిన పాత డిస్ట్రాయర్, దాని అసలు పేరు రోథరామ్ (ఘాజీ దానంతటదే పేలిపోయిందని పాకిస్తాన్ అంటుంది, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు). ఆ ఓడ 1976లో సర్వీసు నుంచి తప్పుకుంది. నేవీలో ఓడ పోయినా పేరు పోదు, ఆ పేరు ఇంకో ఓడకి పెడతారు.

నాన్న వాళ్ల రాజ్‌పుత్ అలా వచ్చిన సోవియట్ ఓడ. ఉక్రెయిన్‌లోని నికోలాయెవ్‌లో కట్టారు, అప్పటి పేరు నదేజ్నీ. 1980 మే 4న జార్జియాలోని పోటి రేవులో దాని మీద మన జెండా ఎగిరింది. మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ, తర్వాతి కాలంలో మన నేవీ చరిత్రను పుస్తకాలుగా రాసిందీ ఆయనే. దాదాపు 147 మీటర్ల పొడవు, నాలుగు గ్యాస్ టర్బైన్లు. ముంబైలో ఉన్న ఓడ 1988లో వైజాగ్‌కి మారింది. శ్రీలంకలో ఆపరేషన్ పవన్, మాల్దీవుల్లో ఆపరేషన్ కాక్టస్, ఈ రెండు సైనిక చర్యల్లోనూ ఉంది. బ్రహ్మోస్ క్షిపణిని 2003లో సముద్రం మీద ఓడ నుంచి పరీక్షించిందీ దీని మీద నుంచే.

రష్యా ఓడలకీ మన ఊరికీ ఉన్న బంధం ఇంకా పాతది. 60లలో మనకు కావాల్సిన సబ్‌మెరైన్ల కోసం బ్రిటన్ వైపు చూస్తే పని జరగలేదు, 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1967 చివర్లో మొదటి సబ్‌మెరైన్ కల్వరి నేవీలో చేరింది, 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది, ఆ ఓడల రిపేర్లు చేసుకోవడానికే ఇక్కడి డాక్‌యార్డ్‌ను పెద్దది చేశారు. మల్కాపురం, సింధియా వీధుల్లో ఇన్ని రాష్ట్రాల మనుషులు కనిపించడానికి కారణం అదే. మా హాల్లో కూర్చునేవాళ్లు కూడా అలా వచ్చినవాళ్లే.

ఓడ వాళ్ల ఒంట్లో ఎలా ఉండిపోయిందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఓడలో నీళ్లు చొరబడకుండా బిగించే ఇనప తలుపులుంటాయి, వాటికి ఎత్తైన గడప ఉంటుంది, చూసుకోకపోతే మోకాలి కింద దెబ్బ ఖాయం. మా హాలుకీ వంటింటికీ మధ్య గడపే లేదు. అయినా నాన్న మంచినీళ్లకి వెళ్తూ అక్కడ కాలు ఎత్తి వేస్తారు. బీహార్ అంకులూ అంతే.

ఇక ఆ తేదీ, 2021 మే 21. ఓడను డీకమిషన్ చేసే రోజు, అంటే సర్వీసు నుంచి తప్పించే రోజు, పాత సిబ్బందిని పిలవడం నేవీలో ఆనవాయితీ. 2019 మే 6న రాజ్‌పుత్ తోటి ఓడ రంజిత్‌ను ఇక్కడే సాగనంపినప్పుడు 1983లో దాన్ని తెచ్చినవాళ్లు కూడా వచ్చారు. రాజ్‌పుత్ వంతు వచ్చేసరికి కోవిడ్ రెండో వేవ్ నడుస్తోంది. 41 ఏళ్లు పనిచేసిన ఓడ, 31 మంది కెప్టెన్లను చూసిన ఓడ, డాక్‌యార్డ్‌లో కొద్దిమంది మధ్య సూర్యాస్తమయానికి జెండా దించుకుంది. రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. డాక్‌యార్డ్ మా ఇంటికి దగ్గరే, కానీ నాన్న గేటు దాటి వీధిలోకి కూడా వెళ్లలేకపోయారు. ఆ సాయంత్రం మేడ ఎక్కి యారాడ కొండ వైపు తిరిగి చీకటి పడేదాకా నిలబడ్డారు. నేను పిలవలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, అప్పుడు ప్రాణాలు ముఖ్యం. కానీ బాధ బాధే.

సబ్‌మెరైన్ కుర్సురా వాళ్లను చూస్తే వీళ్లకు ఇంకా గుర్తొస్తుంది. 2001లో రిటైరైన ఆ సబ్‌మెరైన్‌ను ఒడ్డుకు లాగి 2002లో బీచ్ రోడ్డులో మ్యూజియం చేశారు, రిటైరైన నావికులే లోపల గైడ్లు. టికెట్ కొనుక్కుంటే చాలు, ఎప్పుడైనా వెళ్లి తమ బంక్‌ను చూసుకోవచ్చు. అన్ని ఓడలకూ ఆ అదృష్టం ఉండదు. 1971లో తూర్పున పోరాడిన పాత విక్రాంతే 2014లో ముక్కలైంది. ఇంకో విమానవాహక నౌక విరాట్‌ను వైజాగ్‌లో మ్యూజియం చేస్తామని రాష్ట్రం ముందుకొచ్చినా చివరికి అది గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్‌కే పోయింది. నన్నడిగితే, రాజ్‌పుత్ గంటో లంగరో బీచ్ రోడ్డులో ఒక దిమ్మె మీద పెట్టినా వీళ్లు రోజూ వాకింగ్‌కి అటే వెళ్తారు.

పోయినసారి మలయాళీ అంకుల్ ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. రెండు పేజీలు కలిపి స్కేలుతో మెస్‌డెక్ గీశారు, తలుపు ఇక్కడ, నిచ్చెన ఇక్కడ, బంకులు వరసగా చిన్న గడులు. ఎవరి గడిలో వాళ్ల పేరు రాసుకున్నారు. చనిపోయినవాళ్ల పేర్లు నాన్న రాశారు. నిచ్చెన పక్క గడి ఎవరిదో గంటసేపు వాదించుకున్నా తేలలేదు. చివరికి పెన్సిల్‌తో ఇలా రాసి ఉంచారు: "నర్సీపట్నం కుర్రాడు, ఎడమచేతి వాటం, పేరు కనుక్కోవాలి."