కదిలే మబ్బుల గ్రాఫిక్స్: అపోహలు – వాస్తవాలు

అపోహ: మబ్బు ఆకారాన్ని ఒకసారి తయారు చేసుకుని గాలి వాలున జరుపుతూ పోతే చాలు.

వాస్తవం: రెండు మూడు సెకన్ల షాట్‌లో ఇది చెల్లుతుంది. అంతకు మించితే అట్టముక్కను తాడు కట్టి లాగుతున్నట్టు ఉంటుంది. తేమగాలి పైకి లేచి చల్లబడిన చోట ఆవిరి బిందువులవుతుంది, పొడిగాలి కలిసే అంచుల్లో ఆ బిందువులే మళ్లీ ఆవిరవుతాయి; ఈ రెండూ ఏకకాలంలో జరుగుతుండగా మనకు కనిపించే రూపమే మబ్బు. కొండల మీద ఏర్పడే కటకాకారపు మబ్బుల గుండా గాలి జోరుగా వీస్తూనే ఉన్నా, అవి మాత్రం చాలాసేపు ఉన్నచోటనే నిలిచి ఉంటాయి.

అపోహ: సహజమైన కదలిక కావాలంటే ద్రవగతి సమీకరణాలను సాధించి తీరాలి.

వాస్తవం: దగ్గరగా కనిపించే ఒక్క క్యుములస్ (దూదికుప్పలాంటి) మబ్బు పొంగుతున్న దృశ్యానికి ఆ శ్రమ తగినదే. అయితే ఆవిరి బిందువులుగా మారేటప్పుడు కిలోకు సుమారు 25 లక్షల జౌళ్ల చొప్పున వెలువడే గుప్తోష్ణాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, ఎంత ఖరీదైన సిమ్యులేషన్ చేసినా మబ్బు పొగలాగే తేలుతుంది. మొత్తం ఆకాశానికి నాయిజ్ చాలు, అంటే సూత్రంతో పుట్టించే యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గుల నమూనా. వీడియో గేమ్‌ల సంస్థ గెరిల్లా గేమ్స్‌కు చెందిన ఆండ్రూ ష్నైడర్ 2015లో వివరించిన పద్ధతిలో పెర్లిన్, వోర్లీ అనే రెండు రకాల నాయిజ్‌లను కలిపిన త్రిమితీయ టెక్స్చర్ (విలువల పట్టిక) మబ్బులకు ఆకారమిస్తుంది, గాలి దిశలో పైభాగం కాస్త ముందుకు వాలుతుంది, ఒక్కో ఫ్రేమ్‌లో పదహారో వంతు పిక్సెళ్లనే కొత్తగా లెక్కించి మిగిలినవి పాత ఫ్రేముల నుంచి తెచ్చుకుంటారు. ఇలా తెచ్చుకోవడం మబ్బులు నెమ్మదిగా కదిలినంతసేపే బాగుంటుంది. వేగం పెరిగితే అంచుల వెంట పాత రూపపు నీడలు సాగుతాయి.

అపోహ: ఒక నాయిజ్‌ను మరో నాయిజ్‌లోకి మెల్లగా కలిపితే ఆకారం సహజంగా మారుతుంది.

వాస్తవం: నేను చూసే పనుల్లో ఎక్కువగా దొర్లే లోపం ఇదే. పరస్పర సంబంధం లేని రెండు నాయిజ్‌లను సగం సగం కలిపితే హెచ్చుతగ్గులు అసలులో సుమారు 70 శాతానికి పడిపోతాయి. నాయిజ్ విలువ ఒక హద్దు దాటిన చోటనే మబ్బు గీస్తాం కాబట్టి, విడి విడి మబ్బులున్న ఆకాశం మిశ్రమం సగానికి చేరిన ప్రతిసారీ ఒక్కుమ్మడిగా పలచబడి, తిరిగి చిక్కబడుతుంది. సగటును తీసివేసి, మిశ్రమాన్ని రెండు బరువుల (ఒక్కో నాయిజ్‌ను కలిపిన పాళ్ల) వర్గాల మొత్తపు వర్గమూలంతో భాగించి, సగటును మళ్లీ కలిపితే ఈ దోషం పోతుంది. కంప్యూటర్ మెమరీకి, లెక్కలకు వెసులుబాటు ఉంటే కాలాన్నే నాలుగో అక్షంగా తీసుకున్న నాయిజ్ ఇంకా మేలు. ఏ పద్ధతిలోనైనా చిన్న ముడతలు త్వరగా, పెద్ద గుబ్బలు నిదానంగా మారాలి.

అపోహ: కదలిక చాలడం లేదనిపిస్తే గాలి వేగం పెంచాలి.

వాస్తవం: 2 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 10 మీటర్ల గాలిలో సాగే మబ్బుకు, నడినెత్తిన చందమామ వెడల్పంత జరగడానికి రెండు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. దిగంతం దగ్గర ఇంకా నిదానం. దీన్ని పదింతలు చేస్తే మబ్బులు చిన్నవిగా, చేతికందే ఎత్తులో ఉన్నట్టు తోస్తాయి. టైమ్‌లాప్సే (కాలాన్ని వేగంగా నడిపించి చూపే దృశ్యమే) కావాలంటే ఆకారం మారే వేగాన్ని, నేల మీది నీడల వేగాన్ని కూడా అదే నిష్పత్తిలో పెంచాలి.