ఐ7 స్టిక్కర్ చూసి కొనేస్తున్నారా? ఎడిటింగ్ ల్యాప్‌టాప్‌ల మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ఎస్పీ రోడ్డు పక్క సందులో మాది ల్యాప్‌టాప్ సర్వీస్ షాపు. శని, ఆదివారాల్లో వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు బాగా కనిపిస్తారు. మారతహళ్లి పీజీల్లో ఉంటూ సెలవు రోజుల్లో షార్ట్ ఫిల్ములు తీసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, వంటల వీడియోలు పెట్టే ఆడవాళ్లు, మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియోకి తామే పాట పెట్టాలని పట్టుబట్టే రిటైర్డ్ మాస్టార్లు. బడ్జెట్ యాభై, అరవై వేల దగ్గర తిరుగుతుంటుంది. "అన్నా, ఎడిటింగ్‌కి ఏ ల్యాప్‌టాప్ మంచిది?" అని అడుగుతారు. "ఏ ఫోన్‌తో తీస్తున్నారు? ఒక క్లిప్పు చూపించండి" అంటాను నేను. ల్యాప్‌టాప్ అడిగితే ఫోన్ సంగతి ఎందుకన్నట్టు చూస్తారు. కానీ ఎంపిక మొదలవ్వాల్సింది ఆ క్లిప్పు దగ్గరే.

అపోహ: ఐ7 ఎప్పుడూ ఐ5 కన్నా వేగం

ఇంటెల్ ప్రాసెసర్లలో స్టిక్కర్ మీది అంకె కన్నా పేరు చివర ఉన్న అక్షరం ముఖ్యం. ఐ7-1255యూ, ఐ5-12500హెచ్ రెండూ ఇంటెల్ 12వ తరానివే. మొదటిదాని బేస్ పవర్ 15 వాట్లు, అందులో పెద్ద కోర్లు (బరువైన పని చేసే విభాగాలు) 2. రెండోదానికి 45 వాట్లు, పెద్ద కోర్లు 4. బ్రౌజర్, వర్డ్ వాడినంతకాలం తేడా తెలియదు. పావుగంట వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టారంటే యూ చిప్పు కాసేపు జోరుగా పోయి, వేడెక్కి, నెమ్మదిస్తుంది. హెచ్ చిప్పుకి ఫ్యాను గోల ఎక్కువే గానీ పని ముందు అవుతుంది.

ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్లలో ఇంకో తిరకాసు ఉంది. రైజన్ 5 7520యూ అని చూసి, 7 వేల సిరీస్ కదా, కొత్తదే అనుకుంటారు. ఆ సిరీస్‌లో నాలుగు అంకెల్లో మూడోది చూడాలి. అక్కడ 2 ఉందంటే లోపల ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, కోర్లు నాలుగే. రైజన్ 5 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు ఆరు. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటి మీదా రైజన్ 5 స్టిక్కరే. ఎడిటింగ్‌కైతే 7520యూ ఎంత తగ్గించి ఇచ్చినా వద్దంటాను.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఎడిటింగే చేయలేం

షాపులో ఎక్కువ వాదన జరిగేది దీని మీదే.

ఈ రోజుల్లో చాలా ఫోన్లు వీడియోని హెచ్.264లోనో, హెచ్.265లోనో కుదించి దాస్తాయి. టైమ్‌లైన్‌లో ప్లే చేసినప్పుడు ఆ కుదింపును సెకనుకి 30 సార్లో, 60 సార్లో విప్పాలి. వీడియో ఆగి ఆగి నడుస్తోందంటే చాలాసార్లు ఇరుక్కునేది ఇక్కడే. ఈ పనికి చిప్పులోనే ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్ దీన్ని 2011 నుంచి క్విక్ సింక్ పేరుతో ప్రాసెసర్‌తో పాటు వచ్చే గ్రాఫిక్స్‌లోనే పెడుతోంది. అది పనిచేస్తోందో లేదో కళ్లతో చూడొచ్చు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద జీపీయూ నొక్కి, క్లిప్పు ప్లే చేయండి. వీడియో డీకోడ్ అన్న గ్రాఫ్ లేస్తే విప్పే పని అక్కడ జరుగుతోందన్నమాట. అది నేలకి అతుక్కుని, సీపీయూ మాత్రం వందకి దగ్గరగా ఉంటే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతోంది. సాఫ్ట్‌వేర్ కూడా సహకరించాలి లెండి: డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో విండోస్ మీద ఈ సాయం పూర్తిగా అందదు, దానికి స్టూడియో వెర్షన్ కొనాలి.

మరి కార్డు దేనికి? కలర్ గ్రేడింగ్, నాయిస్ తీయడం, బరువైన ఎఫెక్టులు, త్రీడీ టైటిళ్లు. మీరు ముక్కలు కత్తిరించి, పాట కలిపి, పేర్లు వేసి అప్‌లోడ్ చేసే రకమైతే ఆ కార్డు ఎక్కువ సేపు ఖాళీగానే కూర్చుంటుంది.

ఇంకో చిత్రం చెప్తాను. సోనీ, ఫుజీ, కెనాన్ లాంటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో రంగుల వివరాలు ఎక్కువగా దాచే 10 బిట్ 4:2:2 అనే రకం రికార్డింగ్ ఉంటుంది. హెచ్.265లో తీసిన ఆ క్లిప్పుల్ని ఇంటెల్ 11వ తరం నుంచి మామూలు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్సే విప్పుతుంది. గ్రాఫిక్స్ కార్డులు చేసే ఎన్‌విడియాలో ఈ వసతి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గానీ రాలేదు. అంటే ఆర్‌టీఎక్స్ 3050, 4050 కార్డులకు ఆ క్లిప్పు హార్డ్‌వేర్‌లో విప్పడం రాదు. కెమెరా అద్దెకి తెచ్చి తీసే షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కార్డు కావాలనే నిర్ణయానికి వస్తే, పేరు ఒక్కటే చూడకండి. ఆర్‌టీఎక్స్ 3050 ల్యాప్‌టాప్ కార్డు 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా దొరుకుతుంది. పేరు అదే, పని అది కాదు. సన్నటి బాడీలో పెట్టింది సాధారణంగా తక్కువ వాట్లది. దాని పాత రకాల్లో కార్డు మెమరీ 4 జీబీయే, రిజాల్వ్‌లో 4కె టైమ్‌లైన్ మీద నాలుగు ఎఫెక్టులు పడగానే జీపీయూ మెమరీ నిండిందని మెసేజ్ వచ్చేస్తుంది. 6 జీబీ కన్నా తగ్గితే ఆ డబ్బు ర్యామ్‌కీ స్క్రీన్‌కీ పెట్టమంటాను.

అపోహ: ర్యామ్ 16 అని రాసుంటే ఇక చూడక్కర్లేదు

8 జీబీతో అవస్థే, 16 కనీసం. రిజాల్వ్ తయారుచేసిన బ్లాక్‌మ్యాజిక్ కూడా 16 అనే చెప్తుంది, ఫ్యూజన్ ఎఫెక్టులు వాడితే 32. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఆ 16 ఎలా అమర్చారన్నది మాత్రం ఎవరూ అడగరు. ఒకటే స్టిక్కు పెడితే కాడికి ఒక పక్కే ఎద్దును కట్టినట్టు. కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ని వాడుకుంటుంది కాబట్టి దెబ్బ రెండు వైపులా తగులుతుంది. ఇంటెల్ ఐరిస్ ఎక్స్ఈ ఉన్న మెషీన్లలో అయితే ర్యామ్ ఇలా ఒకటే స్టిక్కుతో, ఒకే ఛానెల్‌లో ఉంటే విండోస్‌లో గ్రాఫిక్స్ పేరే యూహెచ్‌డీ అని మారిపోతుంది. "బాక్సు మీద ఐరిస్ అని ఉంది, లోపల లేదు, మోసం" అని గొడవకి వచ్చిన ఒకాయన మెషీన్‌కి రెండో స్టిక్కు వేసి ఆన్ చేస్తే ఐరిస్ కనిపించింది.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడారో అక్కడే రాసుంటుంది. బోర్డుకే సోల్డర్ చేసిన ర్యామ్ అయితే తర్వాత పెంచే దారి లేదు, కొనేటప్పుడే తేల్చుకోవాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి కాబట్టి "ముందు 8తో తీసుకుని తర్వాత వేయించుకుందాం" అన్న పాత లెక్క ఇప్పుడు అంత లాభం కాదు.

అపోహ: ఖరీదైన ఎస్‌ఎస్‌డీ ఉంటే టైమ్‌లైన్ పరిగెడుతుంది

ఐఫోన్‌లో 4కె, 30 ఫ్రేములతో తీస్తే నిమిషానికి దాదాపు 170 ఎంబీ. అంటే సెకనుకి 3 ఎంబీ కూడా లేదు. సెకనుకి 7,000 ఎంబీ చదివే ఎస్‌ఎస్‌డీ దానికెందుకు? మామూలు ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ చాలు. వేగం మీద పెట్టే డబ్బు సైజు మీద పెట్టండి, 512 జీబీ తొందరగానే నిండుతుంది.

అపోహ: 4కె తీస్తే లక్ష రూపాయల ల్యాప్‌టాప్ తప్పదు

ప్రాక్సీ గురించి తెలియక అనుకునే మాట ఇది. రిజాల్వ్, ప్రీమియర్‌లోనే కాదు, ఉచితంగా దొరికే కెడెన్‌లైవ్, షాట్‌కట్‌లలో కూడా ఈ వసతి ఉంది. ఒరిజినల్ క్లిప్పులకి చిన్న సైజు నకళ్లు తయారుచేసుకుని, ఎడిటింగంతా వాటి మీద చేసి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు మాత్రం ఒరిజినల్ వాడుతుంది. నకళ్లు తయారవడానికి టైమ్ పడుతుంది, డిస్కులో చోటూ తింటాయి. రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే పొద్దున్నకి సిద్ధం. రోజువారీ డెడ్‌లైన్ ఉన్న స్టూడియోవాళ్లకి ఈ ఎదురుచూపు నష్టం గానీ సరదాకి చేసుకునేవాళ్లకి ఏం పోయింది?

అపోహ: మాటకీ పెదవికీ పొంతన తప్పితే ల్యాప్‌టాప్ స్లో అయినట్టు

దీనికోసం ల్యాప్‌టాప్ మార్చేద్దామని వచ్చినవాళ్లూ ఉన్నారు. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు మారుస్తూ పోతాయి. కొన్ని ఎడిటర్లు ఆ మార్పును సరిగా లెక్కించుకోలేవు, వీడియో ముందుకు పోయేకొద్దీ ఆడియో జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చుకుని తెచ్చుకోండి. పైసా ఖర్చు లేదు.

అపోహ: ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ అయితే చాలు

ఎన్ని పిక్సెళ్లో కాదు, ఎన్ని రంగులో అడగండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్‌లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది, స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత అది. అంటే ఇంటర్నెట్ వీడియోకి కావాల్సిన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో అది చూపించేది మూడింట రెండు వంతులకి కాస్త తక్కువే. గేమింగ్ పేరుతో అమ్మేవాటిలోనూ ఈ స్క్రీన్లు వస్తాయి. దాంట్లో పట్టుచీర ఎరుపు వెలిసిపోయినట్టుంటే మీరు రంగు పెంచుతారు. అదే వీడియో ఊళ్లో అత్తయ్య ఫోన్‌లో చూస్తే చీర నిప్పులు కక్కుతుంటుంది, మొహాలు పసుపు రాసినట్టుంటాయి. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, లేదా 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉన్నది తీసుకోండి. ఇప్పటికే కొనేసి ఉంటే అప్‌లోడ్‌కి ముందు ఒకసారి మంచి ఫోన్‌లో చూసుకోండి.

అపోహ: మ్యాక్ ఉంటేనే ఎడిటర్

2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఈ రోజుకీ ఫోన్ క్లిప్పుల్ని హాయిగా ఆడిస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ర్యామ్, స్టోరేజ్ రెండూ పెంచలేం, ఫ్యాను లేదు కాబట్టి పెద్ద ఎక్స్‌పోర్ట్‌లో వేడెక్కి నెమ్మదిస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో 16 జీబీది దొరికితే కొనండి. 8 జీబీ, 256 జీబీ స్టోరేజ్‌ది అయితే నేను ఎవరికీ చెప్పను.

అపోహ: కంపెనీల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ సరుకంతా బంగారం

ఐటీ ఆఫీసుల్లో లీజు అయిపోయిన ల్యాప్‌టాప్‌లు బెంగళూరులో బాగా దొరుకుతాయి, బాడీ గట్టిగా ఉంటాయి. కానీ వాటిలో ఎక్కువ యూ చిప్పులే. ఇంటెల్ 8వ తరానికి ముందువి దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీతో ఇప్పటి ఫుల్ ఛార్జ్ కెపాసిటీని పోల్చండి. బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, షాపులోనే విండోస్ రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ కలిపి సెటప్ పూర్తి చేయించండి. కొన్నిసార్లు అప్పుడు ఏదో కంపెనీ లోగోతో ఉద్యోగి లాగిన్ అడిగే పేజీ వస్తుంది. పాత యజమాని ఆ మెషీన్‌ని తమ జాబితాలోంచి తీసేయలేదని అర్థం. "అది మేం తీసేసి ఇస్తాం సార్" అంటారు. రీసెట్ చేసిన ప్రతిసారీ ఆ పేజీ మళ్లీ రావచ్చు. జీఎస్టీ బిల్లు చేతిలో ఉన్నా అప్పుడు మీకు ఉపయోగపడదు. ఇంకో మెషీన్ చూపించమనండి.