క్వాంటం మెకానిక్స్: నా క్లాసులో ప్రతి ఏడాదీ వినిపించే అపోహలు

డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఎలక్ట్రాన్ల లాంటి అతి చిన్న కణాల నడతను చెప్పే క్వాంటం మెకానిక్స్ మొదలుపెట్టిన రోజు ఎవరో ఒకరు లేచి, "మేడం, పరీక్షకు తప్ప ఇది ఎక్కడ పనికొస్తుంది?" అని అడుగుతారు. అడిగిన పిల్ల జేబులో ఫోన్ ఉంటుంది. ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అపోహ: ఇదంతా కాగితం మీది సిద్ధాంతం.

వాస్తవం: మా ల్యాబులో ఒక చిన్న ప్రయోగం ఉంది. ఎర్ర ఎల్ఈడీ ఒకటి, నీలం ఎల్ఈడీ ఒకటి, బ్యాటరీ, మల్టీమీటర్, వోల్టేజి మార్చే నాబ్. అంతే సరంజామా. గదిలో లైట్లు ఆర్పేసి, ఎల్ఈడీకి నల్ల కాగితం గొట్టం తొడిగి, నాబ్ మెల్లగా తిప్పాలి. సుమారు 1.8 వోల్టుల దగ్గర ఎరుపు మినుకుమంటుంది. నీలం మాత్రం 2.6 దాకా వెళ్తేగానీ కంటికి ఆనదు. ఎందుకంటే కాంతి చిన్న చిన్న శక్తి పొట్లాలుగా వస్తుంది, ఒక్కో పొట్లాన్ని ఫోటాన్ అంటారు. నీలం ఫోటాన్‌కు ఎరుపు ఫోటాన్ కంటే శక్తి ఎక్కువ కావాలి. ఆ మొత్తాన్ని ఒక్క ఎలక్ట్రానే చెల్లించాలి. నలుగురు ఎలక్ట్రాన్లు తలా కొంత చందా వేసుకుని ఇస్తామంటే కుదరదు.

ఆ వోల్టేజిని ఎలక్ట్రాన్ ఆవేశంతో, కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి, కాంతి వేగంతో భాగిస్తే 6.5 × 10⁻³⁴ దగ్గర ఒక సంఖ్య వస్తుంది. క్వాంటం లెక్కలన్నిటికీ మూలమైన ప్లాంక్ స్థిరాంకం అదే, 1900లో శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ మొదటిసారి వాడారు. పిల్లలు ఆ సంఖ్యను రికార్డులో రాసుకుని, పుస్తకంలో చూసుకుని, మళ్లీ నా వైపు చూస్తారు. ఆ చూపు కోసం ఏడాదంతా ఎదురుచూస్తాను.

ఇంట్లో కాలిపోయిన ఎల్ఈడీ బల్బు ఉంటే, హోల్డర్ నుంచి తీశాక పైమూత ఊడదీసి చూడండి. చిన్న చిన్న పసుపు గళ్లు కనిపిస్తాయి. సాధారణంగా ఆ పసుపు పూత కింద ఉండేది నీలం ఎల్ఈడీయే. కొంత నీలం, పూత ఇచ్చే పసుపు కలిసి మనకు తెల్లగా కనిపిస్తాయి. అంత శక్తి గల ఫోటాన్ ఇచ్చే గాలియం నైట్రైడ్ స్ఫటికాలను సరిగ్గా పెంచడానికి ఏళ్లు పట్టింది. ఆ పని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది.

అపోహ: అణువుల లోకానికే పరిమితం, మన సైజు వస్తువులకు సంబంధం లేదు.

వాస్తవం: ఎంఆర్ఐ స్కాన్‌లో పడుకునేది నిండు మనిషి. మన ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాల స్పిన్‌ను (వాటిని బుల్లి అయస్కాంతాల్లా చేసే క్వాంటం గుణం) ఆ యంత్రం రేడియో తరంగాలతో పలకరిస్తుంది. అయస్కాంత బలం 1.5 టెస్లా ఉన్న యంత్రంలో ఆ తరంగం దాదాపు 64 మెగాహెర్ట్జ్. ఇందులో ఎక్స్‌రేలు ఉండవు కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

అపోహ: "చూస్తే ఫలితం మారుతుంది" కాబట్టి మనసుతో అన్నీ మార్చుకోవచ్చు.

వాస్తవం: క్వాంటం ప్రయోగాల్లో కణాన్ని గమనిస్తే ఫలితం మారుతుందన్న మాట నిజమే. కానీ ఇక్కడ చూడటం అంటే కణం మీద ఒక డిటెక్టరో, మరో ఫోటానో ప్రభావం చూపడం. గదిలో మనిషే లేకుండా రాత్రంతా యంత్రం నడిచినా ఫలితాలు అవే వస్తాయి. ఈ అపోహ నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే దీని మీద వ్యాపారం నడుస్తోంది. మా బంధువు ఒకావిడ మోకాళ్ల నొప్పులకని "క్వాంటం లాకెట్" మెడలో వేసుకుని తిరిగేవారు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలాంటి లాకెట్లు, బ్రేస్‌లెట్ల వంటి పది వస్తువులను పరీక్షించి, వాటి నుంచి అయనీకరణ రేడియేషన్ (శరీర కణాలకు హాని చేయగల రకం) వస్తోందని, ధరించవద్దని హెచ్చరించింది. ఆ వార్త చూపించాక ఆవిడ తీసేశారు. మీ ఇంట్లో ఎవరైనా వేసుకుంటుంటే దయచేసి తీయించండి.

అపోహ: క్వాంటం కంప్యూటర్ వస్తే ల్యాప్‌టాప్‌లు మూలన పడేయడమే.

వాస్తవం: అమరావతి క్వాంటం వ్యాలీ వార్తలు వచ్చాక ఈ మాట బాగా పెరిగింది. ఇప్పటి ల్యాప్‌టాప్, ఆ పిల్ల జేబులోని ఫోన్ కూడా క్వాంటం బిడ్డలే. వాటి చిప్పుల్లో బుల్లి స్విచ్‌లా పనిచేసేది ట్రాన్సిస్టర్. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన అది, సిలికాన్ లాంటి సెమీకండక్టర్లలో ఎలక్ట్రాన్ల నడతను ఈ శాస్త్రం వివరించాకే వచ్చింది. లెక్క చేయడానికే క్వాంటం నియమాలను వాడుకునే క్వాంటం కంప్యూటర్ నుంచి మేలు ఆశిస్తున్నది కొన్ని రకాల లెక్కల్లోనే. పెద్ద సంఖ్యల కారణాంకాలు కనుక్కోవడం (1994లో పీటర్ షోర్ చూపించారు), అణువుల ప్రవర్తన లెక్కకట్టడం లాంటివి. మెయిల్ చూసుకోవడానికి అది అక్కర్లేదు.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలని పిల్లలు అడుగుతుంటారు. ముందు కావాల్సింది ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన మ్యాట్రిసెస్, కాంప్లెక్స్ నంబర్లు, ప్రాబబిలిటీ. ఆ పుస్తకాలు అమ్మేయకండి.