తిమింగలం చెవిలో మన పడవ

తిమింగలాలను, డాల్ఫిన్లను చూడటానికి ఒక పడవను పూర్తిగా తమకోసమే అద్దెకు మాట్లాడుకునేవాళ్లు సరంగును ముందుగా అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎంత దగ్గరికి తీసుకెళ్తారు? నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన మాట ఇంకొకటి ఉంది. మీ ఇంజను చప్పుడెంత, దాన్ని ఎక్కడ ఆపుతారు? మనం తిమింగలాన్ని చూసేలోపే అది మనల్ని వినేసి ఉంటుంది. మనం వెళ్లేది దాని కంటికి ఆనే చోటికి కాదు, చెవికి ఆనే చోటికి.

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తే, సముద్రపు నీటిలో దాదాపు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. వెలుతురు మాత్రం నీటిలో త్వరగా చచ్చిపోతుంది. 200 మీటర్ల లోతు దాటితే ఇక మిగిలేది మసక చీకటే. అలాంటి చోట బతికే జంతువుకు కళ్లకంటే చెవులే ఆధారం. ఆహారం వెతకడం, తోటివాటితో మాట్లాడుకోవడం, తల్లీపిల్లా ఒకదాన్నొకటి విడవకుండా ఉండటం, అన్నీ ధ్వని మీదే. ఆ లోకంలోకి మనం ఒక ప్రొపెల్లర్‌ను దించుతాం. అది జోరుగా తిరిగినప్పుడు దాని రెక్కల వెనుక ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, నీటిలో సన్నని ఆవిరి బుడగలు పుడతాయి. పుట్టిన మరుక్షణమే అవి చితికిపోతాయి. ఒక్కో బుడగ చితికినప్పుడు ఒక చిటుకు. అలాంటివి లెక్కలేనన్ని కలిస్తే మరపడవ రొద. వేగం తగ్గితే బుడగలు తగ్గుతాయి, రొద కూడా పడిపోతుంది. అందుకే తిమింగలాల దగ్గర నెమ్మదిగా వెళ్లమనడం ఢీకొనకుండా ఉండటానికే అనుకుంటే సగం విషయమే తెలిసినట్టు.

దీన్ని చక్కగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని ఎక్స్‌మౌత్ అఖాతం హంప్‌బ్యాక్ తిమింగలాలు పిల్లలతో ఆగి సేదదీరే చోటు. కేట్ స్ప్రోగిస్, ఆమె సహచరులు అక్కడ ఒక పడవలో నీటి అడుగున మోగే స్పీకరు పెట్టుకుని, తల్లీపిల్లల జంటలకు 100 మీటర్ల దూరంలో నిలిచి, పడవ ఇంజను శబ్దాలను రకరకాల తీవ్రతలతో వినిపించారు. పైనుంచి డ్రోన్ కెమెరాతో వాటి ప్రవర్తనను గమనించారు. పడవ అదే, దూరం అదే, మారింది చప్పుడు ఒక్కటే. రొద బాగా పెద్దదైనప్పుడు తల్లి విశ్రాంతి 30 శాతం తగ్గింది, శ్వాస వేగం రెండింతలైంది, ఈత వేగం 37 శాతం పెరిగింది. చప్పుడు తక్కువగా ఉన్నప్పుడు ఇలాంటి మార్పు రాలేదు. 2020లో వెలువడిన ఈ ఫలితాలను బట్టి చూస్తే, అనేక దేశాలు పెట్టుకున్న 100 మీటర్ల హద్దు మంచిదే గాని, ఆ హద్దు మీద నిలబడి ఇంజను రొద పెట్టే పడవ నియమం తప్పకుండానే తల్లిని లేపి పరుగెత్తించగలదు.

ఆ కాస్త విశ్రాంతి పోతే ఏమవుతుంది? ఆ తల్లి తిండి తిని నెలలు గడిచి ఉంటుంది. ధ్రువ ప్రాంతపు చల్లని నీళ్లలో వేసవి అంతా తిని పోగేసుకున్న కొవ్వే దాని కూడు. ఆ కొవ్వునే చిక్కని పాలుగా మార్చి పిల్లకు పడుతుంది. పిల్ల తిరుగు ప్రయాణానికి సరిపడా బలం పుంజుకోవాలంటే తల్లి కదలకుండా ఉండాలి, పిల్ల పాలు తాగుతూ ఉండాలి. పడవ వచ్చినప్పుడల్లా వృథా అయ్యేది ఆ నిల్వే. అదే అఖాతంలో 2017లో తేలిన ఇంకో సంగతి నాకు మరీ ఆశ్చర్యంగా అనిపిస్తుంది. అక్కడి పిల్లలు తల్లులతో చాలా మెల్లగా, గుసగుసల్లాంటి చిన్న చిన్న మూలుగులతో మాట్లాడతాయి. మగ హంప్‌బ్యాక్‌ల పాట కిలోమీటర్ల దూరం వినిపిస్తే, పిల్లల గుసగుస దగ్గరలోనే ఆగిపోతుంది. తిమింగలం పిల్లలను వేటాడే ఓర్కాల (కిల్లర్ వేల్స్) చెవిన పడకుండా ఉండటానికే ఈ జాగ్రత్త కావచ్చని పరిశోధకుల అభిప్రాయం. ఆ గుసగుసను ముంచేయడానికి పెద్ద ఓడే రానక్కర్లేదు, మనం అద్దెకు తీసుకున్న చిన్న పడవ చాలు.

డాల్ఫిన్ల సంగతి కూడా అంతే. లోతు తక్కువగా ఉన్న నీటిలో 5 నాట్ల (గంటకు సుమారు 9 కిలోమీటర్ల) వేగంతో నింపాదిగా పోయే చిన్న పడవ కూడా 50 మీటర్లలోపు ఉంటే, బాటిల్‌నోజ్ డాల్ఫిన్లు ఒకదాని కేక ఒకటి వినగలిగే దూరాన్ని 26 శాతం తగ్గించగలదని 2009లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. చప్పుడు తాత్కాలికమే కదా అనుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని షార్క్ బే దీనికి జవాబు చెబుతుంది. అక్కడ డాల్ఫిన్లను చూపించే పడవల సంస్థ ఒకటి ఉన్నది రెండయ్యాక, ఆ ప్రాంతంలో డాల్ఫిన్ల సాంద్రత సుమారు 15 శాతం తగ్గిందని లార్స్ బైడర్ బృందం 2006లో చూపించింది. ఓర్చుకోలేనివి చోటు వదిలి వెళ్లిపోయాయి. మిగిలినవాటిని చూసి ఇవి మనకు అలవాటుపడిపోయాయని మురిసిపోతే లెక్క తప్పుతుంది.

హవాయి దీవుల స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా లోతు నీటిలో వేటాడి, పగలు లోతు తక్కువైన అఖాతాల్లో నిద్రపోతాయి. సరిగ్గా ఆ పగటి వేళే పడవలూ ఈతగాళ్లూ వాటి మీదికి వెళ్తుంటారు. అందుకే 2021లో అమెరికా అక్కడ 50 గజాలలోపు వాటి దగ్గరికి వెళ్లడాన్నీ, వాటితో ఈదడాన్నీ నిషేధించింది. పొద్దున పదింటికి నెమ్మదిగా, దగ్గరదగ్గరగా, ఒకే లయలో పైకి తేలి మునుగుతున్న డాల్ఫిన్ల గుంపు కనిపిస్తే అది ఎంత ముచ్చటగా ఉన్నా, నిద్రపోతున్న గుంపు అని గుర్తించి పక్కనుంచి వెళ్లిపోవాలి.

అయితే డాల్ఫిన్లు తామంతట తామే పడవ ముందుకు వచ్చి, ముందు భాగం తోసే నీటి ఒత్తిడి మీద తోక కదల్చకుండా జారుతూ ఆడుకుంటాయి కదా? ఆడుకుంటాయి, ఆ సరదా నిజమైనదే. అప్పుడు సరంగు చేయవలసిందల్లా దారి మార్చకుండా, వేగం మార్చకుండా తిన్నగా పోవడం. మెక్సికోలోని శాన్ ఇగ్నాసియో ఉప్పునీటి సరస్సులో గ్రే తిమింగలాలు ఆగి ఉన్న పడవల దగ్గరికి వచ్చి మనుషుల చేతికి తల అందిస్తాయి. ఒకప్పుడు ఇదే జాతిని వేటగాళ్లు ఆ తీరపు ప్రసవ స్థలాల్లోనే వెంటాడి చంపారు. అక్కడ ఇప్పుడు అనుమతి ఉన్న స్థానిక పడవలే తిమింగలాల దగ్గరికి వెళ్లాలి, అవి కూడా ఒకసారికి ఇన్నేనని హద్దు ఉంది. దగ్గరికి రావాలా వద్దా అనేది జంతువు తేల్చుకుంటే అది స్నేహం. మనం తేల్చితే అది తరమడమే.

ఈ వినోదం పాతదేమీ కాదు. 1955లో అమెరికాలోని శాన్ డియేగోలో ఒక డాలరు టికెట్టుతో గ్రే తిమింగలాలను చూపించిన పడవతో మొదలైందంటారు. 2008 నాటికి 119 దేశాలు, దాదాపు 1.3 కోట్ల మంది ప్రేక్షకులు, సుమారు 210 కోట్ల డాలర్ల వ్యాపారం.

ఇంతమంది నడుమ సొంతంగా మాట్లాడుకున్న పడవకు ఒక గొప్ప సౌకర్యం ఉంది: సమయం మన చేతిలో ఉంటుంది. వందమందిని ఎక్కించుకున్న పెద్ద పడవ గంట కొట్టేలోపు అందరికీ ఏదో ఒకటి చూపించి రేవుకు చేరాలి. నలుగురే ఉన్న పడవ ఇంజను ఆపి అరగంట ఊరికే తేలుతూ ఉండవచ్చు. పిల్ల ఉన్న తల్లి కనిపిస్తే వదిలేసి ఇంకో దిక్కుకు పోవచ్చు. అప్పటికే అక్కడ మూడు పడవలు ఉంటే నాలుగోది కాకుండా తప్పుకోవచ్చు. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. డబ్బు ఇచ్చినవాళ్ల ముచ్చట తీర్చాలని సరంగు మీద ఒత్తిడి పడేది ఇలాంటి పడవలోనే. బయల్దేరే ముందే 'దగ్గరికి వెళ్లకపోయినా మాకు ఇబ్బంది లేదు' అని చెప్పేస్తే ఆయన భుజాల మీది బరువు దిగిపోతుంది. అది చెప్పించుకోవడానికి కాచుకుని ఉండే సరంగులు నిజంగానే ఉంటారు.

నియమాలు దేశానికో తీరుగా ఉంటాయి. న్యూజిలాండ్‌లో తిమింగలానికి 300 మీటర్ల పరిధిలో మూడు పడవలకు మించి ఉండకూడదు. ఆస్ట్రేలియాలో పెద్ద తిమింగలానికి 100 మీటర్లు, డాల్ఫిన్‌కు 50 మీటర్లు, పిల్ల తిమింగలం ఉంటే 300 మీటర్లు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, అంతరించిపోయే స్థితిలో ఉన్న 'సదరన్ రెసిడెంట్' అనే గుంపు ఓర్కాలకు 2025 నుంచి 1,000 గజాల దూరం పాటించాలి. అంకెలు వేరైనా పద్ధతి ఒకటే. ఎదురుగా పోవద్దు, వెనుక తరమవద్దు, పక్కగా దానికి సమాంతరంగా పోవాలి, గుంపును రెండుగా చీల్చవద్దు. దగ్గరలో ఉన్నప్పుడు ఇంజను వేగాన్ని ఒక్కసారిగా పెంచడం, మాటిమాటికీ గేర్లు మార్చడం మానాలి. ఒకే తీరుగా మోగే చప్పుడు కంటే ఉన్నట్టుండి మారే చప్పుడు జంతువును ఎక్కువ కలవరపెడుతుంది.

ఇంజను ఆపాక ఏం దొరుకుతుందో స్పెర్మ్ తిమింగలం దగ్గర బాగా తెలుస్తుంది. న్యూజిలాండ్‌లోని కైకౌరా తీరానికి కొద్ది దూరంలోనే సముద్రం అడుగు వెయ్యి మీటర్లకు మించి లోయలా దిగిపోతుంది. స్పెర్మ్ తిమింగలాలు అక్కడ ఏడాది పొడవునా ఉంటాయి. సరంగు హైడ్రోఫోన్‌ను, అంటే నీటిలో వినే మైక్రోఫోన్‌ను, తీగతో కిందికి దించుతాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే టక్, టక్, టక్ అని సెకనుకు ఒకటో రెండో శబ్దాలు. తిమింగలం కింద చీకటిలో స్క్విడ్‌ల (పొడవాటి చేతులున్న మెత్తని సముద్ర జీవుల) కోసం వెతుకుతూ ధ్వనిని విసిరి, ప్రతిధ్వనిని వింటోంది. జంతు ప్రపంచంలో ఇంతకన్నా బిగ్గరగా శబ్దం చేసేది ఇంకొకటి లేదు. ఎర దగ్గరపడేకొద్దీ టక్కులు దగ్గరై కలిసిపోయి, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు కిర్రుమంటాయి. కొంత సేపటికి ఏమీ వినిపించదు. ఇక పైకి వస్తోందని సరంగు చెబుతాడు. నలభై నిమిషాలు, ఒక్కోసారి అంతకుమించి, ఊపిరి బిగబట్టి ఉన్న జంతువు అది. పైకి తేలాక పది నిమిషాల వరకు కదలకుండా ఊపిరి తీస్తూనే ఉంటుంది. తలకు ఎడమవైపు కొసన ఉన్న రంధ్రం నుంచి ముందుకు, వాలుగా ఆవిరి ఎగజిమ్ముతుంది. ఆ ఆవిరి సముద్రపు నీరని చాలామంది అనుకుంటారు, నిజానికి అది వెచ్చని ఊపిరి చల్లబడి తుంపరగా మారడం. ఆ పది నిమిషాలు దానికి చాలా ముఖ్యం. అప్పుడు మీదికి పోతే ఊపిరి చాలకుండానే మునిగిపోతుంది, తర్వాతి వేట కుంటుపడుతుంది. కదలకుండా ఉంటే వీపు వంచి, తోకను నిలువుగా గాలిలోకి ఎత్తి దిగిపోవడం కళ్లారా చూడవచ్చు. తోక తోసిన చోట నీటి మీద నూనె పోసినట్టు నున్నని గుండ్రటి మచ్చ కాసేపు నిలిచి ఉంటుంది.

ఆవిరి ఆకారాన్ని చదవడం నేర్చుకుంటే దూరం నుంచే జాతి చెప్పవచ్చు. నీలి తిమింగలానిది తొమ్మిది మీటర్ల వరకు నిటారుగా లేచే సన్నని స్తంభం. రైట్ తిమింగలానిది రెండుగా చీలిన ఆవిరి. ఉదయం పూట గాలి తక్కువ, నీటి మీద తెల్లని నురగ ఉండదు కాబట్టి ఇవన్నీ బాగా కనబడతాయి. ఎండ వీపున పడేలా కూర్చుంటే మరీ మంచిది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో, వేట రోజుల్లో కొండ మీది గూళ్ల నుంచి తిమింగలాలను కనిపెట్టిన కాపలా పద్ధతి ఇప్పుడు పర్యాటక పడవలకు పనికొస్తోంది. పైనున్న మనిషి బైనాక్యులర్లతో చూసి రేడియోలో దారి చెబితే పడవ ఊరికే తిరుగుతూ చప్పుడు చేయవలసిన పని ఉండదు. పడవ మాట్లాడుకునే ముందు ఆ సరంగుకు ఒడ్డు మీద కాపలాదారు గాని, పడవలో హైడ్రోఫోన్ గాని ఉందేమో కనుక్కోవడం మంచిది. సముద్రం పడనివాళ్లు వాంతులు మొదలయ్యాక కాదు, బయల్దేరే ముందే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవాలి.

కెమెరా తీసుకెళ్తే దానికి ఒక మంచి పని ఉంది. హంప్‌బ్యాక్ తోక అడుగు భాగంలోని తెలుపు నలుపు మచ్చలు, అంచుల చీలికలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. హ్యాపీవేల్ అనే వేదికలో ప్రపంచం నలుమూలల నుంచి పర్యాటకులూ పరిశోధకులూ ఇచ్చిన ఫోటోలను కంప్యూటర్ పోల్చి చూసి, ఏది ఏ జంతువో చెబుతుంది. 2013లో, మళ్లీ 2017లో కొలంబియా తీరంలో ఫోటోకు చిక్కిన ఒక మగ హంప్‌బ్యాక్ 2022లో ఆఫ్రికా తూర్పు తీరంలోని జాంజిబార్ దగ్గర కనిపించిందని అలాగే తెలిసింది. రెండు చోట్లకూ మధ్య దూరం 13,046 కిలోమీటర్లు. ఈ ఫోటోకు దగ్గరికి పోవలసిన అవసరమే లేదు. తోక అడుగు భాగం జంతువు మునిగేటప్పుడు వెనుకనుంచే కనబడుతుంది, అదీ దూరపు లెన్స్‌తో బాగా వస్తుంది. డాల్ఫిన్లకైతే వీపు రెక్క వెనుక అంచున పడిన గాట్లు గుర్తు, కాబట్టి పక్కనుంచి తీయాలి. ఫోటోతోపాటు తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు రాసి పెట్టుకుంటే చాలు. పడవ జీపీఎస్‌లో ఆ అంకెలు ఉంటాయి, సరంగును అడిగితే చెబుతాడు.