లీకేజీ ఖర్చు ఎవరిది? అపార్ట్‌మెంట్లలో అపోహలు – వాస్తవాలు

నేను సివిల్ ఇంజినీరుని. కాకినాడ నుంచి నరసాపురం దాకా అపార్ట్‌మెంట్లలో నీరు ఎక్కడి నుంచి కారుతోందో కనిపెట్టడమే నా పనిలో ఎక్కువ భాగం. నన్ను పిలిచేసరికే చాలాచోట్ల పైవాళ్లకూ కిందవాళ్లకూ మాటలుండవు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టుకోవడం, మెయింటెనెన్స్ కట్టేది లేదని బెదిరించుకోవడం అన్నీ అయిపోయాక గానీ నీరు ఎక్కడ పుడుతోందో చూద్దామని ఎవరికీ తోచదు. డబ్బు ఎవరు పెట్టుకోవాలో తేల్చేది మాత్రం అదే. మరక ఎవరింట్లో పడిందన్నది కాదు.

అపోహ: మా సీలింగు తడిసిందంటే తప్పు పైవాళ్లదే.

చాలాసార్లు నిజమే, అన్నిసార్లూ కాదు. శ్లాబులోకి దిగిన నీరు తిన్నగా కిందికి రాదు. చువ్వల వెంబడి, కరెంటు పైపుల వెంబడి పక్కకు పాకి, సందు దొరికిన చోట బయటపడుతుంది.

భీమవరంలో ఒక రెండో అంతస్తు ఫ్లాటు. పడకగది గోడకు నెలల తరబడి చెమ్మ. గొడవ పడలేక పైవాళ్లు సొంత డబ్బుతో బాత్రూమ్ టైల్స్ పగలగొట్టించి మళ్లీ వాటర్‌ప్రూఫింగ్ చేయించారు. చెమ్మ తగ్గలేదు. "ఏ రోజుల్లో ఎక్కువవుతోందండీ?" అని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ గోడ క్యాలెండరు తీసి చూపించారు. గోడ తడిసిన రోజులకల్లా పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. అన్నీ వాన పడిన రోజులూ, వాటి మర్నాళ్లూ. బాత్రూమ్ నీరైతే రోజూ తడవాలి కదా, స్నానాలు ఎండాకాలంలోనూ చేస్తారు. పైపులన్నీ దిగే నిలువు సందులోకి, అంటే డక్ట్‌లోకి వంగి చూస్తే, డాబా మీది వాననీళ్ల పైపు మూడో అంతస్తు దగ్గర జాయింటు ఊడి ఉంది. నీళ్లన్నీ గోడ మీదే పడి, ఆ మేర పచ్చగా నాచు కట్టింది. ఆ పైపు అందరిదీ కాబట్టి అసోసియేషనే బాగు చేయించింది. పైవాళ్లు బాత్రూమ్‌కు పెట్టిన డబ్బు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు. అది అన్యాయమని అప్పుడే మీటింగులో చెప్పాను, ఇప్పుడూ అదే అంటాను.

రోజంతా ఒకే తీరున కారుతుంటే ముందు నీళ్లొచ్చే పైపులైనును అనుమానించండి. పై ఫ్లాటు వాల్వు రాత్రంతా కట్టేసి, పొద్దున్నకి తగ్గిందేమో చూడండి. వాడకం ఉన్నప్పుడే కారుతుంటే నహానీ ట్రాపు (బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) గానీ, డ్రెయిను పైపు గానీ, టైల్స్ సందులు గానీ. ట్రాపు మూసేసి, బాత్రూమ్‌లో రంగు కలిపిన నీళ్లు అంగుళం మేర నిలిపి ఒక రోజు ఉంచండి. కింద రంగు కనపడితే మూలం అదే. కనపడకపోయినా వెంటనే తీర్పు చెప్పేయకండి, నీరు దిగడానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది.

అపోహ: గోడలోపల ఉన్న పైపులన్నీ అసోసియేషన్‌వే.

పైపు ఎక్కడుందన్నది కాదు, ఎంతమందికి పనిచేస్తోందన్నది చూడాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని నుంచి దిగే మెయిన్ లైను, డక్ట్‌లోని నిలువు పైపులు ఉమ్మడివి. అక్కడి నుంచి విడిపోయి ఒక్క ఫ్లాటుకే వెళ్లే పైపు ఆ ఫ్లాటు ఓనరుదే. అద్దెకిచ్చినా ఓనరుదే, అద్దెవాళ్ల చేత చేయించుకోమంటే కుదరదు. పునాదులు, స్తంభాలు, బీములు, ప్రధాన గోడలు, పైకప్పు, ఉమ్మడి ట్యాంకులు, మోటార్లు అందరివీ అన్నది 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టంలోనే ఉంది. తక్కిన వివరాలు మీ దస్తావేజులోనూ, అసోసియేషన్ నియమావళి అయిన బైలాస్‌లోనూ చూసుకోవాలి. బైలాస్ కాపీ చాలా అపార్ట్‌మెంట్లలో సెక్రటరీ బీరువా దాటి బయటికి రాదు. ప్రతి ఓనరూ అడిగి తీసుకోవాలి.

పేచీ పడేది బాత్రూమ్ కింద పైపుల కోసం పల్లంగా వేసే శ్లాబు, అంటే సంకెన్ శ్లాబు దగ్గర. నేను ఇచ్చే సలహా ఇది: పైన వేసిన వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ పై ఓనరువి. శ్లాబులో చువ్వలు తుప్పు పట్టి పెచ్చులు ఊడే దాకా వస్తే ఆ పని అసోసియేషన్ చూసుకోవాలి, ఎందుకంటే అది బిల్డింగు బలానికి సంబంధించినది. అయితే పై ఓనరు చెప్పినా వినకుండా నాన్చడం వల్లే ఆ స్థితి వచ్చిందంటే, ఆ ఖర్చు ఆయన దగ్గర అడగడం న్యాయం.

అపోహ: డాబా కారితే పై అంతస్తు వాళ్లే చేయించుకోవాలి.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పై అంతస్తు వాళ్లు ఎండనూ భరిస్తారు, వాననూ భరిస్తారు, పైగా బిల్లు కూడా వాళ్లదేనంటారు. డాబా అందరి నెత్తి మీదా ఉన్న కప్పు. కింది ఫ్లాటు వాళ్లకూ అందులో వాటా ఉంది, ఖర్చులోనూ ఉంటుంది. ఎవరైనా సొంతానికి షెడ్డు వేసుకుని బోల్టులు దించితే, ఆ రంధ్రాల దగ్గర కారేది మాత్రం వాళ్ల లెక్క.

ఇంకొకటి. 2018 డిసెంబరులో కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ లాంటి తుపాన్లలో వాన అడ్డంగా కొడుతుంది. తుపానుకు మాత్రమే తడిసే గదికి డాబా మీద ఎన్ని కోటింగులు వేసినా లాభం లేదు. బయటి గోడ పగుళ్లు, కిటికీ చుట్టూ సందులు, సన్‌షేడు వాలు చూడాలి.

అపోహ: కింది గోడల చెమ్మకు పుట్టీ పెట్టి రంగేస్తే సరి.

మన డెల్టాలో కాలువలకు నీళ్లు వదిలాక, చెరువుల పక్కన అయితే ఏడాది పొడవునా, కొద్ది అడుగుల లోతులోనే నీరుంటుంది. అది పునాది మీదుగా ఇటుకల్లోకి ఎక్కి, మూడడుగుల దాకా గోడను తడిపి, ఎండినచోట తెల్లటి ఉప్పుపొడి వదిలి వెళుతుంది. పుట్టీ ఆ ఉప్పుతో సహా ఊడిపోతుంది. తడిసినంత మేర ప్లాస్టరు తీసేసి, ప్లింత్ దగ్గర, అంటే గోడ పునాది మీద మొదలయ్యేచోట, రంధ్రాలు చేసి నీరు ఎక్కకుండా ఆపే కెమికల్ ఇంజెక్షన్ చేసి, కొత్త ప్లాస్టరు వేయాలి. వాననీళ్లు పునాదిలోకి దిగకుండా బిల్డింగు చుట్టూ గచ్చు కూడా వేయాలి. పునాది ఉమ్మడిది కాబట్టి ఖర్చూ ఉమ్మడిదే. కింద పార్కింగ్ ఉన్నచోట ఈ చెమ్మ పట్టేది వాచ్‌మన్ గదికి. ఫిర్యాదు చేసేవాళ్లు లేరని దాన్ని వదిలేస్తారు. ఆ గోడ పక్కన పడుకునేది చిన్నపిల్లలండీ, దయచేసి ఆ గదిని ముందు చేయించండి.

అపోహ: ఫ్లాటు అప్పగించాక బిల్డరుకు బాధ్యత లేదు.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి చెబితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. ఫోనులో చెప్పి ఊరుకోకుండా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 500 చదరపు మీటర్ల, అంటే సుమారు 600 గజాల లోపు స్థలంలో కట్టినవాటికీ, 8 ఫ్లాట్లు మించనివాటికీ రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లలో అలాంటివి చాలా ఉన్నాయి. అలాంటిచోట జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 2 ఏళ్ల గడువు దాటనివ్వకండి.

అపోహ: ఇన్సూరెన్స్ ఉంది, చెమ్మకూ ఇస్తారు.

భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద, పైపు పగలడం, ట్యాంకు పొర్లడం వల్ల జరిగే నష్టానికి కవర్ ఉంటుంది. ఏళ్ల తరబడి మెల్లగా ఊరే చెమ్మకు ఆశ పెట్టుకోవద్దు.

గోడ తవ్వే ముందు ఒక కాగితం రాసుకోండి. ఏ తేదీన ఏ పరీక్ష చేస్తారు, ఎవరి సమక్షంలో చేస్తారు, టైల్స్ పగలగొట్టాక మూలం అక్కడ లేదని తేలితే వాటిని తిరిగి వేయించే ఖర్చు ఎవరిది. పైవాళ్లు, కిందవాళ్లు, సెక్రటరీ ముగ్గురూ సంతకాలు పెట్టాకే మేస్త్రిని పిలవండి.