అపోహలు - వాస్తవాలు: మైల్డ్ బర్లీ పైపు, "లోపలికి పీల్చను కదా డాక్టర్ గారూ"

నేను ఓరల్ మెడిసిన్ డాక్టర్‌ని. నాలుక, అంగిలి, బుగ్గల లోపలి పొర, పెదవులు, ఇవే నా రోజువారీ పని. సిగరెట్ తాగేవాళ్లని అడిగితే కాస్త ఇబ్బంది పడుతూనే అవునని చెప్పేస్తారు. పైపు తాగేవాళ్ల సంగతి వేరు. ఫారంలో పొగ తాగే అలవాటు ఉందా అన్న చోట "లేదు" అని రాస్తారు, అబద్ధం ఆడుతున్నామని కూడా అనుకోరు. అంగిలి చూసి నేనే అడిగితే అప్పుడు బయటికొస్తుంది: "అబ్బే, అది పైపండీ, అందులోనూ మైల్డ్ బర్లీ, చవక రకమే, సాయంత్రం పూట సరదాకి, పొగ లోపలికి పీల్చను కూడా." దాదాపు ఇవే మాటలు, ఇదే వరసలో. (బర్లీ అంటే పైపులో వేసే ఒక రకం పొగాకు.) ఈ మాట నమ్మి ఏళ్ల తరబడి నోరు చూపించుకోకుండా ఉండిపోయినవాళ్లని చూస్తుంటే బాధేస్తుంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: మైల్డ్ బర్లీని పీల్చకుండా తాగితే ఒంట్లోకి ఏమీ పోదు

వాస్తవం: పోతుంది. బర్లీ విషయంలో అయితే బాగానే పోతుంది.

ముందు "మైల్డ్" సంగతి. డబ్బా మీద ఆ మాట ఉంటే అది రుచి గురించి, పొగ నోటికి ఎంత మెత్తగా తగులుతుందన్న దాని గురించి. నికోటిన్ తక్కువని దాని అర్థం కాదు. బర్లీని వర్జీనియా అనే ఇంకో రకం పొగాకులా బ్యారన్‌లో (పొగాకు ఆరబెట్టే కొట్టంలో) వేడి పెట్టి ఆరబెట్టరు, నీడలో గాలికి వారాల తరబడి వేలాడదీసి ఆరబెడతారు. ఆరుతున్నన్నాళ్లూ ఆకు ఇంకా బతికే ఉంటుంది, తనలోని చక్కెరను తనే ఖర్చు చేసుకుంటుంది. వర్జీనియాకి వేడి తగలగానే ఆ పని ఆగిపోతుంది కాబట్టి దాంట్లో చక్కెర మిగిలిపోతుంది. బర్లీలో దాదాపు మిగలదు. పైగా ఈ ఆకు స్పాంజిలా ఏది పోస్తే అది పీల్చుకుంటుంది, అందుకే చవక మిశ్రమాలు చేసేవాళ్లకి ఇదంటే అంత ఇష్టం. ఇప్పుడు మనం చూసే తెల్ల బర్లీ 1864లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక పొలంలో కనబడిన రకం. అది వచ్చాక కోకో, అతిమధురం, చక్కెర పాకం లాంటివి బాగా పట్టించిన పొగాకు తయారీ బాగా పెరిగింది. కాబట్టి డబ్బా మూత తీయగానే వచ్చే ఆ కమ్మటి వాసనలో సగం పైనుంచి పట్టించిందే. ఆ కమ్మదనాన్ని చూసి నికోటిన్ తక్కువ అనుకుంటే పొరపాటు. బర్లీలో నికోటిన్ వర్జీనియాకి ఏమీ తీసిపోదు, చాలాసార్లు ఎక్కువే ఉంటుంది, మొక్క పై ఆకులైతే మరీను. ఖాళీ కడుపుతో ఒక పైపు పూర్తిగా తాగి, చెమటలు పట్టి, కడుపులో తిప్పి, "మైల్డే కదా, ఇలా ఎందుకైంది" అని అడిగినవాళ్లున్నారు. ఎందుకైందంటే అది నికోటిన్ చేసిన పని.

ఇక "పీల్చను" అన్న మాట. ఇక్కడే అసలు విషయం ఉంది, కొంచెం ఓపికగా చదవండి.

నికోటిన్‌కి రెండు రూపాలుంటాయి. ఆమ్లగుణం ఉన్న చోట అది విద్యుదావేశంతో ఉంటుంది, ఆ రూపంలో నోటి పొరను దాటలేదు. క్షారగుణం ఉన్న చోట ఆవేశం పోయి, పొరలోంచి సులువుగా రక్తంలోకి జారిపోతుంది. ఆమ్ల, క్షార గుణాలని కొలిచే పీహెచ్ అంకె పెరిగేకొద్దీ క్షారగుణం ఎక్కువన్నమాట. పీహెచ్ 6 దగ్గర అలా దాటగల నికోటిన్ నూటికి ఒక వంతు ఉంటే, పీహెచ్ 8 దగ్గర సగం అలాగే ఉంటుంది. చక్కెర ఉన్న ఆకు కాలితే పొగ ఆమ్లంగా ఉంటుంది, సిగరెట్ పొగ ఎక్కువగా ఇలాంటిదే, అందుకే సిగరెట్ తాగేవాళ్లు దాన్ని ఊపిరితిత్తుల్లోకి లాగితే తప్ప వాళ్లకి తృప్తి ఉండదు. బర్లీలో చక్కెర లేదు, నత్రజని ఎక్కువ, దాని పొగ క్షారం వైపు మొగ్గుతుంది. గొంతులోకి లాగితే ఘాటుగా తగులుతుంది కాబట్టి మీరు లాగరు. లాగాల్సిన అవసరమూ లేదు, బుగ్గల్లో, నాలుక కింద కాసేపు నిలిస్తే చాలు. పైపు ముప్పావు గంట నడిచిందంటే అంతసేపూ ఈ పని జరుగుతూనే ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే నికోటిన్ గమ్ గురించి ఆలోచించండి. సిగరెట్ మాన్పించడానికి మేం ఇచ్చేదే. అందులో పొగ లేదు, పీల్చేదేమీ లేదు. దాన్ని కాస్త నమిలి బుగ్గకీ చిగురుకీ మధ్య ఉంచుకుంటే నికోటిన్ రక్తంలోకి వెళ్తుంది. వెళ్లాలనే దాంట్లో నోటిని క్షారంగా మార్చే కార్బొనేట్లు కలుపుతారు. కాఫీ, కూల్‌డ్రింకు తాగిన వెంటనే వేసుకోవద్దని చెప్పేది కూడా ఇందుకే, అవి నోటిని ఆమ్లంగా మారుస్తాయి, గమ్ సరిగ్గా పనిచెయ్యదు. నోటిలోంచి నికోటిన్ ఎక్కదన్నది నిజమైతే ఆ గమ్ ఎవరికీ పనిచెయ్యకూడదు కదా.

ఒక పెద్దాయన గురించి చెప్పాలి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సిగరెట్లు మానేసి పైపు పట్టారు. పళ్ల నొప్పికని వచ్చారు. పైపు పట్టుకునే చోట పై వరస పన్నూ కింది వరస పన్నూ పైపు కాడ ఆకారంలో అరిగిపోయి ఉన్నాయి. "ఇది అలవాటే గానీ వ్యసనం కాదమ్మా, కావాలంటే రేపే మానేస్తా" అన్నారు. సరే మానండి అన్నాను. నాలుగు రోజులకి ఆయన భార్య ఫోన్ చేశారు, "నిద్ర లేదమ్మా, ఊరికే కసురుకుంటున్నారు, తిండి మీద ధ్యాస లేదు, ఏమైనా జబ్బేమో" అని ఆవిడ గొంతులో ఒకటే కంగారు. జబ్బు కాదు, నికోటిన్ ఆగితే శరీరం చేసే గోల అది. అన్నేళ్లూ లోపలికి ఏమీ వెళ్లలేదన్నవాళ్లకి ఆ గోల ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన తప్పేమీ లేదు, ఎవరూ ఆయనకి ఇది చెప్పలేదు. తర్వాత నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునేది), గమ్ రెండూ ఇచ్చి మెల్లగా మాన్పించాం.

నికోటిన్ వ్యసనం చేస్తుంది, క్యాన్సర్ తెచ్చేవి వేరే ఉన్నాయి. ఇక్కడ కూడా బర్లీకి మంచి పేరేమీ లేదు. ఈ ఆకులో నైట్రేట్ ఎక్కువ. ఆరబెట్టేటప్పుడు సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అది ఆకులోని నికోటిన్ జాతి పదార్థాలతో కలిసి నైట్రోసమైన్లు తయారవుతాయి. వాటిలో ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే రెండూ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులో పెట్టింది. ఆకు మండితే వచ్చే తారు దీనికి అదనం. పొగ పీల్చకపోయినా ఇవన్నీ పెదవికి, నాలుక అంచులకి, నాలుక కింద భాగానికి తగులుతాయి, ఉమ్ముతో కలిసి అన్నవాహికలోకి దిగుతాయి. పక్కన మద్యం కూడా ఉంటే నోటి క్యాన్సర్ ముప్పు రెండూ కలిసి ఇంకా పెంచుతాయి.

మరి ఈ "పైపు సురక్షితం" అన్న ప్రచారం ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు పాత కాగితాల నుంచే. 1964లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య అధిపతి) ఇచ్చిన ప్రసిద్ధ నివేదికలో, పైపు తాగేవాళ్ల మరణాల రేటు తాగనివాళ్ల కన్నా పెద్దగా ఎక్కువ లేదని రాశారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇప్పటికీ తిప్పుతున్నారు, "పైపు తాగేవాళ్లే ఎక్కువ కాలం బతుకుతారు" దాకా పెంచేశారు. అదే నివేదికలో పైపుకీ పెదవి క్యాన్సర్‌కీ కారణ సంబంధం ఉన్నట్టు తేలిందని కూడా ఉంది, ఆ ముక్క మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఆ తర్వాత అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్లు 1982 నుంచి 18 ఏళ్ల పాటు 1,38,307 మంది మగవాళ్లని గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వీళ్లలో పైపు తాగినవాళ్లు వేరే ఏదీ తాగనివాళ్లు. ఏ పొగాకూ ముట్టనివాళ్లతో పోలిస్తే పైపు తాగుతున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు దాదాపు 5 రెట్లు, నోరు-గొంతు క్యాన్సర్ మరణాలు దాదాపు 4 రెట్లు, స్వరపేటికకైతే అంతకన్నా ఎక్కువ. గుండె జబ్బు, పక్షవాతం కూడా పెరిగాయి. సిగరెట్‌తో పోలిస్తే మొత్తం మీద ముప్పు తక్కువేనన్నదీ నిజమే, అది దాచను. కానీ మీరు పోల్చుకుంటున్నది సిగరెట్‌తో కాదు కదా, పొగాకు అసలే ముట్టక ఫారంలో "లేదు" అని రాసేవాళ్లతో.

"మైల్డ్" అన్న మాటే జనాన్ని పక్కదారి పట్టించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి పొగాకు నియంత్రణ ఒప్పందం 11వ అధికరణలో పేరుపెట్టి మరీ చెప్పింది. చాలా దేశాల్లో ఆ మాట ముద్రించడం మానేశారు, అయినా జనం నోట్లో మాత్రం ఉండిపోయింది.

అపోహ: అంగిలి తెల్లబడిందంటే క్యాన్సర్ వచ్చేసినట్టే

ఇది మొదటిదానికి పూర్తిగా ఎదురు. రాత్రి పదకొండింటికి టార్చిలైటు వేసి తీసిన ఫొటో పంపి "మేడమ్, అయిపోయిందా" అని అడుగుతారు. టెన్షన్ పడకండి. పైపు తాగేవాళ్ల అంగిలి బూడిద-తెలుపు రంగులోకి మారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపించడం మాకు బాగా తెలిసిన విషయమే. దీన్ని నికోటిన్ స్టొమటైటిస్ అంటాం గానీ, దీనికి ముఖ్య కారణం పొగ వేడి. ఆ ఎర్ర చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల ద్వారాలు, వాచి అలా కనిపిస్తాయి. కట్టుడు పళ్ల ప్లేటు పెట్టుకునేవాళ్లకి ప్లేటు కప్పిన మేర అంగిలి గులాబీ రంగులో శుభ్రంగా ఉండి, మిగతా భాగం తెల్లబడి ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. మామూలుగా పైపు తాగేవాళ్లలో ఈ మార్పు తనంతట తాను క్యాన్సర్ కాదు, పైపు ఆపేస్తే చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

అయితే ఫొటో చూసి ఇది అదేనని నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు. అంగిలి తెల్లబడ్డ మనిషికే నాలుక పక్కన ఇంకో మచ్చ ఉండొచ్చు, అది వేరే జాతి కావచ్చు. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్రటి మఖమల్ లాంటి మచ్చ (ఇది తెల్లదాని కన్నా ప్రమాదం), నాలుక కిందో పెదవి మీదో గట్టిపడిన చోటు, మెడలో గడ్డ, తగ్గని గొంతు బొంగురు, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చెయ్యకుండా రండి. బయాప్సీ అనగానే భయపడతారు. చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూడటమే అది, ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్నది వట్టి పుకారు. దాన్ని నమ్మి వెనక్కి వెళ్లిపోయి బాగా ముదిరాక వచ్చినవాళ్లని చూశాను, ఆ పుకారు పుట్టించినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మిగతావి త్వరగా

చవక రకం కాబట్టి చెడ్డది, ఖరీదైనది తాగితే ఫరవాలేదు: ధర తేడా ఆకు ఎంపికలో, మిశ్రమంలో, డబ్బాలో ఉంటుంది. నోటి పొరకి ఆ తేడా తెలియదు.

ఏమీ కలపని స్వచ్ఛమైన ఆకు అయితే మంచిది: పైన చెప్పిన నైట్రోసమైన్లు ఆకులోనే పుడతాయి, ఎవరూ కలపక్కర్లేదు.

ఫిల్టర్ ఉంది: తేమనీ కొంత తారునీ పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని బొగ్గు ఫిల్టర్ కూడా ఆపలేదు.

నాలుక మండట్లేదు కాబట్టి హాని లేదు: మంట వేడి వల్లా తడి పొగాకు వల్లా వస్తుంది, నిదానంగా తాగేవాళ్లకి రాదు. క్యాన్సర్ మొదటి దశలో నొప్పి ఉండదు, కాబట్టి మంటని కొలబద్దగా పెట్టుకోవద్దు.

మౌత్‌వాష్ వాడుతున్నాను: వాసన పోతుంది.

సిగరెట్ మానడానికి పైపు: చాలామంది సిగరెట్‌లాగే పైపు పొగని కూడా లోపలికి లాగడం కొనసాగిస్తారు, ఏళ్ల అలవాటు మరి. మానదలచుకుంటే నేరుగా మానే మార్గాలే ఉన్నాయి.

ఇంట్లోవాళ్లకి వాసన బాగుంది: మా పెద్దనాన్న పైపు వెలిగిస్తే పిల్లలమంతా ఆ గదిలోకే పరుగెత్తేవాళ్లం, అంత కమ్మగా ఉండేది. అది కోకో వాసనని చదువుకున్నాకే తెలిసింది. ఆ కమ్మటి వాసనతో పాటు మేం పీల్చింది పొగాకు పొగే. పిల్లలున్న గదిలో దయచేసి వెలిగించకండి.

మానాలనుకునేవాళ్లకి

ఇన్నేళ్లయ్యాక ఇప్పుడేం లాభం అని అడుగుతారు. లాభం ఉంది, ఆ 2004 అధ్యయనంలోనే మానేసి గడిచిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు తగ్గింది. పైపు తాగేవాళ్లకి నోటి ద్వారా మెల్లగా నికోటిన్ అందడం అలవాటు కాబట్టి గమ్ గానీ లాజెంజ్ (చప్పరించే నికోటిన్ బిళ్ల) గానీ బాగా నప్పుతుంది, దానికి ప్యాచ్ కూడా తోడైతే ఇంకా మంచిది. గమ్‌ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమలొద్దు, ఘాటు తెలియగానే ఆపి బుగ్గలో పెట్టుకోండి. వేసుకునే ముందు పావుగంట కాఫీ, పళ్ల రసాలు వద్దు. గుండె జబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. మొదటి వారం కష్టంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, మీరు కసురుకుంటే వాళ్లు కంగారు పడకుండా ఉంటారు.

మానాక కూడా ఆరు నెలలకోసారి నోరు చూపించుకోండి, వచ్చేటప్పుడు ఫారంలో "పైపు, ఇన్నేళ్లు" అని స్పష్టంగా రాయండి. కట్టుడు పళ్లుంటే తీసి చూపించండి, వాటి కింద కూడా మేం చూడాలి.